చైనీయులకు ప్రకటనల ఇంగ్లీషులో తికమక పెట్టే మాటలేవి?

చైనీస్ మాతృభాషగా ఉన్నవాళ్లు ప్రకటనల గురించి ఇంగ్లీషులో మాట్లాడాలంటే ఏ పదాలు ముందు నేర్వాలని అడిగారు. పొడవాటి పట్టిక బట్టీ పట్టడం కన్నా కొన్ని తేడాలు పట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

చైనీస్‌లో ప్రకటనలకు సంబంధించిన చాలావాటికి 'గ్వాంగ్‌గావ్' అనే మాట ఒక్కటే సరిపోతుంది. ఇంగ్లీషులో ఒక్కో ప్రకటన 'అడ్వర్టైజ్‌మెంట్', ఆ రంగం మొత్తం 'అడ్వర్టైజింగ్'. రెండోదానికి బహువచనం వాడరు. టీవీలో, రేడియోలో వచ్చేదే 'కమర్షియల్'. పేపర్లో పడ్డదాన్ని అలా అనరు.

అసలు చిక్కు 'ష్వెన్‌చ్వాన్' దగ్గర వస్తుంది. మన 'ప్రచారం' లాగే అది మంచికీ చెడుకీ చెల్లుతుంది. డిక్షనరీ చూసి "కొత్త ఫోన్‌కు ప్రాపగాండా చేస్తున్నాం" అని ఇంగ్లీషులో రాస్తే, చదివేవాళ్లకు ఏదో అబద్ధం నూరిపోస్తున్నారనే అనిపిస్తుంది. చైనా కమ్యూనిస్టు పార్టీ ప్రచార విభాగమే తన ఇంగ్లీషు పేరును 'పబ్లిసిటీ డిపార్ట్‌మెంట్'గా మార్చుకుంది. సరుకు విషయంలో 'ప్రమోషన్' అంటే చాలు.

'పఫరీ' అనే మాటను కూడా తప్పక నేర్పాలి. ఎవరూ అక్షరాలా నమ్మని గొప్పలు అని దాని అర్థం. "ప్రపంచంలోకెల్లా రుచైన కాఫీ" అలాంటిదే. అమెరికాలో సాధారణంగా చెల్లిపోతుంది. చైనాలో అలా కాదు. అక్కడి ప్రకటనల చట్టంలోని 9వ అధికరణం 'జాతీయ స్థాయి', 'అత్యుత్తమం' వంటి మాటలు వాడొద్దంటుంది. 2015 సవరణతో దీనికి 2 లక్షల నుంచి 10 లక్షల యువాన్ల దాకా జరిమానా పెట్టారు. అందుకే అక్కడి విద్యార్థులకు ఈ భావనను ఉదాహరణలతో విడమరచి చెప్పాలి.