ఆరు చక్రాల ఉభయచర బండి ఒక పక్కకే లాగుతుంటే: గేర్‌బాక్సు విప్పించే ముందు ఇవి చూడండి

గేర్‌బాక్సు అప్పుడే విప్పించకండి. మీరు రాసినవి మూడు సమస్యలు: బండి ఎడమకు లాగుతోంది, కుడికి తిప్పాలంటే హ్యాండిల్ మీద బలమంతా పెట్టాల్సి వస్తోంది, నీళ్లలోంచి ఒడ్డెక్కాక ఇంజన్ అరుస్తోంది కానీ బండి కదలట్లేదు. ఈ మూడూ నా బండికి కూడా వచ్చాయి. చూసినవాళ్లంతా గేర్‌బాక్సు పోయిందనే అన్నారు, తీరా చూస్తే దానికి ఏమీ కాలేదు.

ముందు స్టీరింగ్ సంగతి. ఈ బండ్లలో ముందు చక్రాలు కారులో లాగా పక్కకు తిరగవు. ఆర్గో కంపెనీ బండ్ల లాంటి వాటిలో హ్యాండిల్ కుడికి తిప్పితే కుడి పక్క చక్రాలకు బ్రేకు పడుతుంది, అక్కడ తగ్గిన వేగాన్ని డిఫరెన్షియల్ (ఇంజన్ తిరుగుడును రెండు పక్కలకూ పంచే గేర్ల అమరిక) ఎడమ పక్కకు ఇస్తుంది, అలా బండి కుడికి తిరుగుతుంది. రెండు లివర్లుండే మాక్స్ లాంటి బండ్లలో పద్ధతి వేరు, లివర్ కొంచెం లాగితే ఆ పక్క క్లచ్ విడుతుంది, ఇంకా లాగితే బ్రేకు పడుతుంది. మీది హ్యాండిల్ బండి కాబట్టి మీకు స్టీరింగ్ అంటే దాదాపుగా బ్రేకే.

అయినా మొదట టైర్లు చూడండి. వీటిలో గాలి చాలా తక్కువ, రెండు మూడు పీఎస్‌ఐ ఉంటుంది, మామూలు కారు గేజుతో అది తెలియదు, తక్కువ ప్రెషర్ గేజు కావాలి. ఎడమ పక్క గాలి తగ్గినా బండి ఎడమకే లాగుతుంది. గాలి సరిచేశాక టేపుతో ఒక్కో టైరు చుట్టుకొలత కూడా కొలవండి, ఎందుకంటే ఒక పక్క మూడు చక్రాలూ చైన్లతో కట్టేసి ఉంటాయి, వాటిలో ఒకటి చిన్నదైతే మిగతా రెండింటితో పోట్లాడుతూనే ఉంటుంది, ఆ బరువంతా చైన్ల మీద పడుతుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు, చైన్లు త్వరగా సాగిపోతున్నాయని మాత్రం వాపోతారు.

తర్వాత బండిని ఫ్రేము కింద గట్టి దిమ్మల మీద నిలబెట్టి, చక్రాలన్నీ గాల్లో ఉండేలా చూసి, ఆరుబయటే లో గేరులో నెమ్మదిగా తిప్పండి. హ్యాండిల్ పూర్తిగా కుడికి తిప్పితే కుడి చక్రాలు ఆగాలి, ఎడమవి వేగం పుంజుకోవాలి. నా బండిలో కుడివి నెమ్మదించాయి తప్ప ఆగలేదు. బ్రేకు లైన్లో గాలి చేరింది, బ్లీడ్ చేస్తే, అంటే ఫ్లూయిడ్‌తో పాటు ఆ గాలిని బయటికి తీస్తే, బుడగలు బుడగలుగా వచ్చింది, ఆ తర్వాత హ్యాండిల్ తిప్పగానే బ్రేకు గట్టిగా పట్టింది. ఇంకో పక్క, ఎడమ కాలిపర్‌లో (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) బురద ఎండి గట్టిపడి ప్యాడ్ డిస్కును వదలట్లేదు. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, రెండు పక్కలా చక్రాలను చేత్తో తిప్పి చూస్తే బిగుసుకున్న పక్క వెంటనే దొరుకుతుంది. గట్టి నేల మీద గిర్రున తిప్పుతూనే ఉంటే ఈ బ్రేకులు బాగా వేడెక్కుతాయి, ఫ్లూయిడ్ మరిగితే పట్టు పోతుంది, అప్పుడు కాసేపు ఆపేయడమే మంచిది.

చైను తెగిందేమోనన్న అనుమానం ఉంటే ఇంకో తేలిక పరీక్ష ఉంది. గేర్‌బాక్సు నుంచి ఎడమ పక్కకు వెళ్లే చైను తెగితే డిఫరెన్షియల్ తిరుగుడంతా ఆ ఖాళీ పక్కకే పోతుంది, బండి అంగుళం కూడా జరగదు. అప్పుడు హ్యాండిల్ ఎడమకు తిప్పి ఆ పక్కను బ్రేకుతో పట్టుకుంటే కుడి చక్రాలు లాగడం మొదలుపెడతాయి. అలా కదిలిందంటే లోపం ఆ చైనులోనే వెతకండి. చైన్ల దగ్గర చెయ్యి పెట్టేటప్పుడు మాత్రం తాళం చెవి మీ జేబులో ఉండాలి, ఇందులో మొహమాటం వద్దు.

ఇంజన్ అరిచి బండి కదలకపోవడం, అదీ నీళ్లలోంచి వచ్చాకే అంటే నా అనుమానం ఇంజన్ నుంచి గేర్‌బాక్సుకు తిరుగుడు అందించే బెల్టు మీదే. బెల్టు కవరులో నీరు చేరితే బెల్టు జారుతుంది. కవరు విప్పి నీరు తీసి, బెల్టు తిరిగే రెండు క్లచ్‌ల (కప్పీల) ముఖాలూ పొడి గుడ్డతో తుడిచి, కవరు మళ్లీ పెట్టి న్యూట్రల్‌లో కాసేపు ఇంజన్ నడిపితే ఆరిపోతుంది. పొడిగా ఉన్నా జారుతుంటే బెల్టు వెడల్పు కొలిచి మాన్యువల్‌లో ఉన్న కనీస కొలతతో పోల్చండి. కాలిన వాసన, ఒకచోట మెరుస్తూ నున్నబడిన మచ్చ కనిపిస్తే ఇక కొలవనక్కర్లేదు, మార్చేయండి.

గేర్‌బాక్సును అనుమానించాల్సింది ఆయిల్ పాలలా తెల్లబడినప్పుడు, అందులో లోహపు ముక్కలు కనిపించినప్పుడు, లేదా నడుస్తుండగా గేరు దానంతటదే ఊడిపోతున్నప్పుడు. తెల్లబడడం అంటే నీరు చేరింది, అప్పుడు కూడా ముందు ఆయిల్ మార్చి, సీళ్లు, గేర్‌బాక్సు గాలి గొట్టం చూడండి. ఇంకొకటి, నీళ్లలో బండి మెల్లగా, వెడల్పుగా తిరిగితే అది లోపం కాదు, అక్కడ టైరు మీది గట్లే తెడ్లలా బండిని నెడతాయి.

దిమ్మల మీద పెట్టి చూశాక ఏ పక్క ఏం చేసిందో, బెల్టు కవరులో నీరుందో లేదో రాయండి, చూసి చెబుతాను.