అమెరికా దక్షిణాది రైతులందరికీ బానిసలు ఉండేవారా?

"పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా దక్షిణాది రైతు అంటే పెద్ద బంగళా, వందల ఎకరాల పత్తి, బానిసలు, అంతేనా?" అని అడిగారు. కాదు. 1860లో అక్కడి తెల్ల కుటుంబాల్లో దాదాపు ముప్పావు వంతుకు బానిసలు లేరు. మొక్కజొన్న, పందులు, కాస్త పత్తి, ఇంటిల్లిపాదీ చాకిరీ, ఇదే వాళ్ల సేద్యం. కానీ ఈ లెక్క చూపించి "మావాళ్లకేం సంబంధం లేదు" అని చేతులు దులుపుకోవడం మాత్రం నాకు నచ్చదు.

నేను మిసిసిపీలోని హాటీస్‌బర్గ్‌లో నాలుగేళ్లు ఉన్నాను. మా ఇంటి ఓనరు ఎనభై దాటిన పెద్దాయన. చూపు సరిగా ఆనదని ఒకరోజు నన్ను లైబ్రరీకి తోడు తీసుకెళ్లాడు, వాళ్ల ముత్తాత వివరాలు వెతకడానికి. 1860 వ్యవసాయ లెక్కల పేజీ దొరికింది. సాగుభూమి 45 ఎకరాలు, ఎద్దులు రెండు, పందులు 26, పత్తి మూడు బేళ్లు. నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. "చూశావా, అంతా రెక్కల కష్టమే" అన్నాడు.

అదే ఏడాది బానిసల జాబితా కూడా తెరిచాను. ముత్తాత పేరు అక్కడా ఉంది. దాని ఎదురుగా రెండు వరుసలు: 19 ఏళ్లు, ఆడ, నలుపు. 2 ఏళ్లు, మగ, రంగు గడిలో 'ఎం', అంటే మిశ్రమ జాతి. పేర్లు లేవు. ఆ జాబితాలో పేరు యజమానికే రాసేవాళ్లు. పెద్దాయన కళ్లజోడు తీసి చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత, "ఆ పిల్లాడి తండ్రెవరో రాశారా?" అని మాత్రం అడిగాడు. దానికి గడే లేదు.

పక్కనే ఉన్న జోన్స్ కౌంటీలో న్యూటన్ నైట్ అనే రైతు ఉండేవాడు. తాతకు చాలామంది బానిసలు, తండ్రికి ఒక్కరూ లేరు. ఉత్తరాదితో అంతర్యుద్ధం చేస్తున్న దక్షిణాది ప్రభుత్వం, ఇరవై మంది బానిసలున్న తోటకు ఒక తెల్ల మగవాణ్ణి సైన్యం నుంచి మినహాయిస్తూ 1862లో చట్టం చేస్తే, పేదోళ్లే చావాలా అని మండిపడి సైన్యం వదిలేశాడు. తనలాంటి చిన్న రైతులను కూడగట్టుకుని, చిత్తడి అడవుల్లో దాక్కుని ఆ సైన్యంతోనే తలపడ్డాడు. యుద్ధం అయ్యాక, తాత దగ్గర బానిసగా బతికిన రేచల్‌తో కాపురం చేశాడు. 1876లో ఆమె పేర 160 ఎకరాలు రాసిచ్చాడు. అంత బాహాటంగా బతికినా వాళ్ల వంశానికి నెమ్మది దొరకలేదు. 1948లో వాళ్ల మునిమనవడు డేవిస్ నైట్ నల్లజాతి రక్తం ఉండీ తెల్ల అమ్మాయిని పెళ్లాడాడని కేసు పెట్టి, ఐదేళ్ల శిక్ష వేశారు. రేచల్ ఒంటి రంగేమిటని కోర్టులో సాక్షులను అడిగారు! మరుసటి ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది.

బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల పేర్లు జనాభా లెక్కల్లోకి ఎక్కింది 1870లో. జాబితాలోని ఆ రెండేళ్ల పిల్లాడి కోసం మేం అందులోనూ వెతికాం. ఆ వయసు కుర్రాళ్లు చాలామంది కనపడ్డారు, వీడే అని తేలలేదు. 1890 లెక్కలు చూద్దామంటే, 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైపోయాయి. మిగిలినవాటిని కూడా తర్వాత ప్రభుత్వమే పారేయించింది. ఎంతమంది మనుషుల ఆనవాళ్లు! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మనమేం తక్కువ తినలేదు. మా ఇంట్లో ఏడు తరాల వంశవృక్షం ఉంది, అందులో ఒక్క ఆడమనిషి పేరూ లేదు. మా తాతమ్మ పేరు కనుక్కోవడానికి నాకు రెండు సెలవులు పట్టాయి.

ఆ వారం పెద్దాయన తన ఇంటి బైబిల్ తెచ్చాడు. పుట్టుకలూ చావులూ రాసుకునే పేజీ తెరిచాడు. చెయ్యి వణుకుతోందని నాకు పెన్సిలిచ్చి, ముత్తాత పేరు కింద రెండు వరుసలు రాయించాడు: "పేరు తెలియదు, 19. పేరు తెలియదు, 2."