టెక్ సందేహాలు: ఆరు ఊళ్ల లైబ్రరీలకు ఒకే ఆన్‌లైన్ కేటలాగ్

ప్రశ్న: మా చుట్టుపక్కల ఆరు ఊళ్లలో చిన్న చిన్న లైబ్రరీలున్నాయి. కొన్ని దాతలు నడిపేవి, ఒకటి యువజన సంఘానిది. పుస్తకాలకు వరస నంబర్లు వేసి రాసుకునే యాక్సెషన్ రిజిస్టర్ ఎవరిది వాళ్లదే. రెండుచోట్ల మాత్రం జాబితా ఎక్సెల్‌లో ఉంది. ఏ పుస్తకం ఏ ఊళ్లో ఉందో ఫోన్లోనే చూసుకునేలా అన్నిటికీ కలిపి కేటలాగ్ పెట్టాలనుకుంటున్నాం. సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదు. ఏది వాడాలి? ఒక్కో లైబ్రరీకి ఒక్కోటి వేసుకోవాలా?

జవాబు: లైబ్రరీల కోసమే ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ కోహా వాడండి. ఆరింటికీ కలిపి ఒక్కటే వేసుకోండి. ముందు ఎవరిది వాళ్లు పెట్టుకుని, తర్వాత తీరిగ్గా కలుపుదాంలే అనుకుంటే ఆ పని ఎప్పటికీ తెమలదు.

న్యూజిలాండ్‌లోని హోరోవెనువా లైబ్రరీ ట్రస్టు వాడుతున్న పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం తేదీలతో పనిచేయదని తేలినప్పుడు, ఆ ట్రస్టు కొత్తది కొనకుండా కటిపో అనే సంస్థ చేత రాయించుకున్నదే కోహా. 2000 జనవరిలో వాడకంలోకి వచ్చింది. దాన్ని తమ దగ్గరే అట్టిపెట్టుకోకుండా ఓపెన్ సోర్స్ లైసెన్సుతో అందరికీ ఇచ్చేశారు. ఆ నిర్ణయానికి నేనెప్పుడూ దణ్ణం పెడతాను. ఇప్పటికీ ఏటా రెండుసార్లు కొత్త వెర్షన్ వస్తోంది. ఎవర్‌గ్రీన్ అని ఇంకోటి ఉంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రం తన పబ్లిక్ లైబ్రరీల ఉమ్మడి వ్యవస్థ పైన్స్ కోసం తయారుచేయించి, 2006లో మొదలుపెట్టింది. అక్కడ ఒక ఊరి కార్డుతో ఇంకో ఊరి లైబ్రరీలో పుస్తకం తీసుకోవచ్చు. వందల లైబ్రరీలను ఒకే గొడుగు కిందికి తేవాలంటే అది భేషైనది. మీ ఆరింటికి అంత సరంజామా అక్కర్లేదు.

కోహాలో ఒక పుస్తకం వివరాలు ఒకేసారి ఎక్కుతాయి. పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీలు, ఇవన్నీ కలిపి ఒక రికార్డు. ఆ పుస్తకం మీ ఆరు చోట్లా ఉందనుకోండి, ఆ రికార్డు కిందే ఆరు ఐటమ్‌లు, అంటే కాపీలు, చేరతాయి. ప్రతి ఐటమ్‌కీ సొంత బార్‌కోడ్, సొంత లైబ్రరీ పేరు. పాఠకుడు ఫోన్లో వెతికితే పుస్తకం పేరు ఒక్కసారే వస్తుంది. కింద ఏ ఊళ్లో అరలో ఉంది, ఏ ఊళ్లో బయటికి వెళ్లింది, ఎప్పటికి తిరిగి రావాలి అన్నది పట్టికలా కనిపిస్తుంది. ఒక ఊరి పుస్తకాన్ని ఇంకో ఊళ్లో తిరిగిస్తే, దాన్ని సొంత లైబ్రరీకి పంపమని కౌంటర్ దగ్గరున్నవాళ్లకు కోహాయే చెబుతుంది.

ఇక అసలు కష్టం మీ రిజిస్టర్లలో ఉంది. మీ ఆరు చోట్లా 1247 అనే యాక్సెషన్ నంబరు ఉండే ఉంటుంది. కోహాలో మాత్రం ఒక బార్‌కోడ్ ఒక్క కాపీకే ఉండాలి. అందుకని ఒక్కో లైబ్రరీకీ ఒక అంకె కేటాయించండి. యాక్సెషన్ నంబరును ముందు సున్నాలతో ఐదంకెలు చేసి, దాని ముందు ఆ అంకె చేర్చండి. మూడో లైబ్రరీలోని 1247 అప్పుడు 301247 అవుతుంది. పాత రిజిస్టర్‌తో లంకె తెగిపోదు. చూడగానే ఏ ఊరిదో కూడా తెలుస్తుంది.

రచయితల పేర్లది ఇంకో తంటా. ఒక రిజిస్టర్లో శ్రీశ్రీ అని, రెండోదాంట్లో మధ్యలో ఖాళీ వదిలి శ్రీ శ్రీ అని, మూడోదాంట్లో శ్రీరంగం శ్రీనివాసరావు అని ఉంటుంది. మనకు ముగ్గురూ ఒకరే, కంప్యూటర్‌కు ముగ్గురు వేర్వేరు మనుషులు. దీనికోసమే కోహాలో అథారిటీ రికార్డులున్నాయి. ఒక రూపాన్ని ప్రధానమైనదిగా పెట్టి, మిగతావి అదే రికార్డులో చేర్చి, పుస్తకాలన్నిటినీ దానికి ముడిపెడితే పాఠకుడు ఏ పేరుతో వెతికినా అన్నీ దొరుకుతాయి. కలం పేర్లు ఇంత విరివిగా ఉన్న మన భాషలో ఈ పని ఎగ్గొట్టి కేటలాగ్ చేయడం పాఠకుడికి అన్యాయం. ఆరు లైబ్రరీలవాళ్లూ ఒకచోట కూర్చోండి. ఇంటిపేరు ముందా వెనకా, పొట్టి అక్షరాల తర్వాత చుక్క పెట్టాలా వద్దా, గ్రంథమాల పేరు ఎక్కడ రాయాలి, ఇవన్నీ తేల్చుకుని రెండు పేజీల్లో రాసుకోండి. టైపింగ్ ఆ తర్వాతే.

ఎక్సెల్ జాబితాలను లైబ్రరీలు వాడే మార్క్ 21 పద్ధతిలోకి మార్చి కోహాలోకి ఎక్కించవచ్చు. అందులో ఒక్కో వివరానికి ఒక్కో నంబరు గడి ఉంటుంది. పుస్తకం పేరు 245లో, రచయిత 100లో, పుస్తకానికి ఉండే ప్రత్యేక నంబరు ఐఎస్‌బీఎన్ 020లో, కాపీల వివరాలు కోహా సొంతంగా వాడుకునే 952లో పడతాయి. ఒకేసారి వేలకు వేలు ఎక్కించకండి. యాభై వరసలతో మొదలుపెట్టి చూడండి. ఎక్కించిన బ్యాచ్ తేడాగా ఉంటే వెనక్కి తీసే వీలుంది. కొత్త పుస్తకాలైతే ఐఎస్‌బీఎన్ చూసి డూప్లికేట్లను కోహా పట్టేస్తుంది. పాత తెలుగు పుస్తకాలకు ఆ నంబరే ఉండదు కాబట్టి అక్కడ మనిషి కన్ను తప్పదు.

ఇంకొక్క మాట. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నుమీద రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సుగా పడుతుంది. ఆ డబ్బుతో ఏయే పుస్తకాలు కొన్నారో ఇంట్లో కూర్చుని చూసుకునే హక్కు మనకుందని నా గట్టి నమ్మకం. మీ కేటలాగ్ నిలదొక్కుకున్నాక జిల్లా గ్రంథాలయ సంస్థకు తీసుకెళ్లి చూపించండి, మీ దగ్గరి శాఖా గ్రంథాలయాన్నీ ఇందులో చేర్చమని అడగండి.

ప్రశ్న: మా కాలేజీ లైబ్రరీలో కోహా ఉంది. ఇంగ్లీషు పుస్తకాలు చక్కగా దొరుకుతున్నాయి. తెలుగులో వెతికితే అరలో ఉన్న పుస్తకం కూడా లేదంటోంది. ఎందుకు?

జవాబు: మూడు చోట్ల చూడండి. మొదట రికార్డు తెరిచి తెలుగు నిజంగా అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్‌లో ఉందో లేదో గమనించండి. ప్రచురణకర్తలు పంపే జాబితాలు చాలావరకు యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో ఉంటాయి. వాటిని అలాగే అతికిస్తే తెరమీద పిచ్చిగీతలే మిగులుతాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి ఎక్కించాలి. మార్చాక వొత్తులూ దీర్ఘాలూ ఒకసారి చదివి సరిచూసుకోవాలి.

రెండోది, కోహాలో వెతుకులాట చూసుకునే జీబ్రా. మామూలు సెట్టింగులో అది ఇంగ్లీషు తరహా అక్షరాలకే అలవాటుపడి ఉంటుంది. తెలుగు కోసం అన్ని భాషల అక్షరాలనూ గుర్తించే ఐసీయూ పద్ధతికి మార్చి, మొత్తం రికార్డులను రీఇండెక్స్ చేయించమని, అంటే వెతుకులాట సూచికను మళ్లీ తయారుచేయించమని మీ సిస్టమ్ అడ్మిన్‌తో చెప్పండి.

మూడోది కంటికి కనిపించదు. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు పొల్లు విడిగా నిలబడటానికి మధ్యలో ఒక కనిపించని అక్షరం పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. రికార్డులో అది ఉండి, పాఠకుడు లేకుండా టైప్ చేస్తే రెండూ కలవవు. ఆ అక్షరాన్ని ఇండెక్స్‌లోనూ, వెతికే మాటలోనూ తీసేసేలా ఐసీయూ ఫైల్లో ఒక నియమం చేరిస్తే సరిపోతుంది. గ్రంథాలయం, గ్రంధాలయం లాంటి రాతలో తేడాలకు మాత్రం ఇది మందు కాదు. పుస్తకం అట్టమీద ఎలా ఉంటే అలాగే రాసి, రెండో రూపాన్ని ఇతర శీర్షికల కోసం ఉన్న మార్క్ 21 గడి 246లో చేర్చండి.

ప్రశ్న: లైబ్రరీలో ఖాళీగా పడున్న పాత కంప్యూటర్‌నే కోహా సర్వర్‌గా వాడుకోవచ్చా?

జవాబు: నేర్చుకోవడానికి భేషుగ్గా వాడుకోవచ్చు. డెబియన్ గానీ ఉబుంటు గానీ (రెండూ లినక్స్ రకాలే) వేసి కోహా ప్యాకేజీ ఎక్కించండి. ఊరంతా చూసే కేటలాగ్‌కు మాత్రం వద్దు. కరెంటు పోయినప్పుడల్లా అదీ పోతుంది. చిన్న లైబ్రరీలకు ఇంటర్నెట్‌లో నడిచే, 4 జీబీ ర్యామ్ ఉన్న వర్చువల్ సర్వర్ అద్దెకు తీసుకుంటే చాలు. ప్యాకేజీతో వేసుకున్న కోహా రోజూ తనంతట తాను బ్యాకప్ తీస్తుంది. కానీ దాన్ని అదే సర్వర్లో దాస్తుంది. రోజూ ఆ ఫైలు వేరేచోటికి కాపీ అయ్యే ఏర్పాటు చేసుకోండి. ఆ ఫైలుతో మీ పాత కంప్యూటర్లో కోహాను ఒకసారి తిరిగి లేపి చూడండి. డొమైన్ పేరు, సర్వర్ ఖాతా లైబ్రరీ పేరునే తీసుకోండి. సెట్ చేసిపెట్టిన కుర్రాడికి రేపు వేరే ఊళ్లో ఉద్యోగం వస్తే పాస్‌వర్డులు అతనితోపాటు వెళ్లిపోకూడదు.