ఎక్కువసేపు కూర్చుంటే ఎక్కువ పని చేసినట్టేనా? – పాఠకుల ప్రశ్నలు, అక్కయ్య జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పని గంటల గురించే. అందుకే మిగతావన్నీ వచ్చే నెలకి పెట్టేసి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: అక్కా, నేను ఉద్యోగంలో చేరి ఇది మూడో ఏడు. పొద్దున తొమ్మిదిన్నరకి లాగిన్ అయితే రాత్రి పదిన్నర పదకొండు దాకా తేలను, శనివారం కూడా సగం దానికే పోతుంది. మా మేనేజర్ గారేమో "నీ వయసులో మేం ఇంతకి డబల్ చేశాం, ఇప్పుడు కష్టపడితే తర్వాత సుఖపడతావ్" అంటారు. ఒక రోజంతా ఏం చేశానో టైములతో సహా రాసి ఉత్తరంతో పాటు పెడుతున్నా, చూడండి. ఇంత కష్టపడితే నిజంగా ఫలితం ఉంటుందా, లేక ఊరికే అరిగిపోతున్నానా? – పేరు వెయ్యొద్దు

జవాబు: తమ్ముడూ, నువ్వు పెట్టిన ఆ కాగితంలోనే సగం జవాబు ఉంది, నువ్వే సరిగ్గా చూసుకోలేదు. 9.30కి మొదలైన స్టాండప్ 10.15కి అయ్యిందని రాశావ్, పావుగంట మీటింగ్ ముప్పావుగంట నడిచిందన్నమాట. ఆ వెంటనే 12 దాకా ఇంకో కాల్, అందులో నా పేరు ఒక్కసారి కూడా రాలేదు అని పక్కన చిన్న అక్షరాల్లో నువ్వే రాసుకున్నావ్. మధ్యాహ్నం 2.40కి పని రివ్యూకి పంపించావ్. అక్కడ్నించి "వెయిటింగ్" అని రాసి చుక్కలు పెట్టుకుంటూ పోయావ్, ఆ చుక్కలు 6.50 దాకా వెళ్ళాయి. 7కి కామెంట్స్ వచ్చాయి, అప్పుడు మళ్ళీ మొదలెడితే 10.40కి అయ్యింది. మొత్తం పదమూడు గంటల పైన. అందులో నువ్వు బుర్ర పెట్టి చేసింది కూడితే ఆరు గంటలు కూడా రాలేదు, మిగతాదంతా కాపలా.

కాబట్టి నువ్వు కష్టపడట్లేదని కాదు నేననేది, నీ రోజు పొడుగవ్వడానికి కారణం పని కాదు, ఆ రివ్యూ సాయంత్రం ఏడింటికి రావడం. ఇంకో రెండు వారాలు ఇలాగే రాయి. రాశాక మేనేజర్ దగ్గరికెళ్ళి నా గంటలు తగ్గించండి అని మాత్రం అడక్కు, ఆ మాట వినగానే ఆయనకి నువ్వు పని ఎగ్గొట్టేవాడిలా కనిపిస్తావ్. కాగితం ముందు పెట్టి "రివ్యూలు మధ్యాహ్నం ఒకసారి, నాలుగింటికి ఒకసారి చూస్తే ఈ పని అదే రోజు ఎనిమిదిలోపే అయిపోతుంది సార్" అని అడుగు. పని తొందరగా అవుతుందంటే కాదనే మేనేజర్లు తక్కువ. కాదన్నాడంటే ఆయనకి కావాల్సింది పని కాదు, నువ్వు కుర్చీలో కనపడటం అని తేలిపోతుంది, అది తెలుసుకోవడం కూడా మంచిదే.

ఇక ఫలితం ఉంటుందా అన్న ప్రశ్న. దీని మీద నాకు బాగా నచ్చిన లెక్క ఒకటుంది, అదీ ఇప్పటిది కాదు, మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. బ్రిటన్‌లో గుండ్లు, మందుగుండు తయారుచేసే ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళూ మగవాళ్ళూ వారాల తరబడి సెలవు లేకుండా పనిచేస్తుంటే, వీళ్ళ ఆరోగ్యం ఏమవుతోందో చూడమని 1915లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. వాళ్ళు ఎవరు వారానికి ఎన్ని గంటలు చేశారు, ఎంత సరుకు బయటికొచ్చింది అని కూర్చుని రాశారు. దాదాపు వందేళ్ళ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో జాన్ పెంకవెల్ అనే ఆర్థికవేత్త ఆ అంకెల్ని మళ్ళీ తీసి 2014లో లెక్క కట్టాడు. వారానికి సుమారు 49 గంటల దాకా గంట పెరిగితే దానికి తగ్గట్టు సరుకూ పెరిగింది, ఆ పైన మాత్రం పెరిగే ప్రతి గంటకీ వచ్చేది తగ్గుతూ పోయింది. ఎంత తగ్గిందంటే 70 గంటలు చేసిన వారానికీ 56 గంటలు చేసిన వారానికీ బయటికొచ్చిన సరుకులో పెద్ద తేడా లేదు. పద్నాలుగు గంటలు ఉత్తినే పోయాయన్నమాట! అది చేత్తో చేసే పని, ఎన్ని గుండ్లు అయ్యాయో లెక్కపెట్టొచ్చు. నీది బుర్రతో చేసే పని, రాత్రి పదింటికి నువ్వు పెట్టిన తప్పు మర్నాడు పొద్దున రెండు గంటలు తినేస్తుంది, అది ఎవరి లెక్కలోనూ రాదు. ప్రతి ఉద్యోగానికీ సరిగ్గా 49 దగ్గరే ఆగుతుందని కాదులే, కానీ ఎక్కడో ఒకచోట ఆగడం మాత్రం ఖాయం.

అలాగని ఎక్కువ గంటలు చెయ్యడమే తప్పు అంటే నేనొప్పుకోను. కొత్త పని చేతికొచ్చినప్పుడు, రిలీజ్ వారంలో, నీ అంతట నీకే లేవబుద్ధి కానంత ఇష్టం ఉన్నప్పుడు చెయ్యి, హాయిగా చెయ్యి, ఆ వయసు అందుకే. నేను చూసేది ఒక్కటే, గడిచిన మూడు నెలల్లో రాత్రి ఎనిమిది తర్వాత చేసిన పనుల్లో రేపు ఇంకో ఇంటర్వ్యూలో చెప్పుకోగలిగింది ఏమైనా ఉందా? ఉంటే ఆ గంటలు నీవి. లేకపోతే అవి కంపెనీకి నువ్వు ఫ్రీగా ఇచ్చినవి. "తర్వాత సుఖపడతావ్" అన్న ఆయన్ని కూడా ఆ తర్వాత అంటే ఎప్పుడు సార్ అని నవ్వుతూనే అడుగు. తారీఖు లేని మాట మీద మూడేళ్ళు నడిచావ్, నాలుగో ఏడు మొదలయ్యే ముందన్నా అడగాలి కదా.

ప్రశ్న: మేడమ్, ఇవన్నీ బద్ధకస్తులు చెప్పుకునే కబుర్లు. పైకొచ్చినవాళ్ళెవర్ని చూసినా వారానికి 80 గంటలు చేసినవాళ్ళే. కాదంటారా?

జవాబు: కాదనను సార్. కానీ అదే 80 గంటలు చేసి ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయినవాళ్ళని ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యరు కదండీ, అందుకని మనకి గెలిచినవాళ్ళే కనిపిస్తారు. పైగా సొంత కంపెనీ పెట్టుకున్నాయన చేసే అదనపు గంటకి వాటా వస్తుంది, ఆయన దగ్గర జీతానికి చేసేవాడి అదనపు గంటకి "వెల్ డన్ టీమ్" అని మెయిల్ వస్తుంది. రెండూ ఒకే గంట ఎలా అవుతాయి?

ఇంకో తమాషా చెప్తాను. బోస్టన్ యూనివర్సిటీలో ఎరిన్ రీడ్ అనే ఆవిడ ఒక పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడి 2015లో రాసింది. నిజంగా 80 గంటలు చేసే మగవాళ్ళకీ, అంత చెయ్యకుండా చేస్తున్నట్టు కనిపించేవాళ్ళకీ మధ్య తేడా పై మేనేజర్లు పట్టుకోలేకపోయారు! గుట్టుచప్పుడు కాకుండా దగ్గర్లోని క్లయింట్లని చూసుకుని, ఇంటికి వేళకి పోయినవాళ్ళకి కూడా మంచి రేటింగులే వచ్చాయి. నాకు గంటలు తగ్గించండి అని బాహాటంగా అడిగినవాళ్ళకి మాత్రం దెబ్బ పడింది. అంటే అక్కడ బహుమతి గంటలకి కాదు, గంటల నటనకి. చాట్‌లో ఆకుపచ్చ చుక్క ఆరిపోకుండా మౌస్ కదుపుతూ కూర్చునేవాళ్ళు మీ ఆఫీసులోనూ ఉండే ఉంటారు, వాళ్ళని నేను తిట్టను, వాళ్ళకి ఆ విద్య నేర్పించింది ఎవరు?

మీ మాటలో నిజం ఒకటుంది, అదీ చెప్పాలి. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ తీసుకున్న క్లాడియా గోల్డిన్ చూపించింది కూడా అదే, కొన్ని ఉద్యోగాల్లో ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికేవాళ్ళకి గంటల లెక్కకి మించి జీతం పెరుగుతుంది. లా ఫర్మ్‌లు, పెద్ద ఫైనాన్స్ కంపెనీలు ఆ బాపతు. కాకపోతే ఒకరు అలా ఇరవైనాలుగు గంటలూ పలకాలంటే పిల్లాడికి జొరమొచ్చినప్పుడు స్కూలు నుంచి వచ్చిన ఫోన్ ఇంకొకరు ఎత్తాలి. ఎక్కువ ఇళ్ళల్లో ఆ ఇంకొకరు భార్యే. ఆవిడ వదులుకున్న జీతం ఆయన 80 గంటల లెక్కలో ఎక్కడా కనపడదు, కలిపి చూడండి ఒకసారి.

ప్రశ్న: రోజుకి 8 గంటలు అని అసలు ఎవరు పెట్టారు? దానికేమైనా సైన్స్ ఉందా?

జవాబు: సైన్స్ తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కొట్లాట. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల కాలక్షేపం, ఎనిమిది గంటల విశ్రాంతి అన్న నినాదం 1817లో రాబర్ట్ ఓవెన్ ఇచ్చాడు, తనే మిల్లు యజమాని, అది చిత్రం. 1886 మే నెలలో షికాగోలో దానికోసమే సమ్మె జరిగి ప్రాణాలు పోయాయి. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టగానే చేసిన మొట్టమొదటి ఒప్పందం ఇదే, పరిశ్రమల్లో రోజుకి 8, వారానికి 48. ఫోర్డ్ 1926లో తన ఫ్యాక్టరీల్లో వారానికి ఐదు రోజులు, 40 గంటలు చేశాడు, దయతో ఏం కాదు, లాభం చూసుకునే. ఇంకా ఆర్థికవేత్త కీన్స్ గారైతే 1930లో మరో వందేళ్ళకి మనుషులు వారానికి 15 గంటలు చేస్తే చాలు అన్నాడు. 2030 దగ్గరకొచ్చేసింది, పైన ఉత్తరం రాసిన తమ్ముడికి ఆ 15 గంటలు మంగళవారం పొద్దున్నే అయిపోతున్నాయి.

ప్రశ్న: అక్కయ్యగారూ, మావారు ఇంటికొచ్చాక కూడా ల్యాప్‌టాప్ మూయరు. ఎవరూ అడగకపోయినా మెయిల్స్ చూస్తూనే ఉంటారు, రాత్రి ఒంటిగంటకి పడుకుని ఆరింటికి లేస్తారు. ఏమన్నా అంటే నాకు ఐదు గంటల నిద్ర అలవాటైపోయింది, నేను బానే ఉన్నా అంటారు. నిజంగా అలవాటవుతుందా?

జవాబు: అవ్వదు చెల్లెమ్మా. అలవాటైంది అనుకోవడం అలవాటవుతుంది, అంతే. 2003లో వాన్ డోంగెన్ అనే పరిశోధకుడి బృందం కొంతమందిని రెండు వారాలపాటు రోజుకి ఆరు గంటలకి మించి నిద్రపోనివ్వలేదు. చివరికొచ్చేసరికి వాళ్ళ చురుకుదనం ఒకటి రెండు రాత్రులు అస్సలు పడుకోనివాళ్ళ స్థాయికి పడిపోయింది, అయినా వాళ్ళని అడిగితే కాస్త నిద్రమత్తుగా ఉందిగానీ ఫర్వాలేదన్నారు. మీవారు చెప్పే "బానే ఉన్నా" అచ్చంగా అదే.

ఆరోగ్యం సంగతంటారా, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం వారానికి 55 గంటలు, ఆపైన చేసేవాళ్ళకి, 35–40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క సంవత్సరంలో ఈ కారణంగా 7,45,000 మంది పోయారని అంచనా. జపాన్‌లో పని ఎక్కువై చనిపోవడానికి కరోషి అని పేరే ఉంది, పోయిన మనిషి ఓవర్‌టైమ్ లెక్కలు తీసి మరీ కుటుంబానికి పరిహారం ఇస్తారు. ఈ అంకెలు ఆయన్ని భయపెట్టడానికి కాదు, భయపెడితే ఇంకో గదిలోకెళ్ళి చూసుకుంటారు.

మీరు రాసిన దాంట్లో నన్ను పట్టుకున్నది "ఎవరూ అడగకపోయినా" అన్న ముక్క. అడగనిది చేస్తున్నారంటే చాలాసార్లు దాని వెనక భయం ఉంటుంది, ఉద్యోగం పోతుందేమోనని, పక్కవాడు ముందుకెళ్ళిపోతాడేమోనని, లేకపోతే మీకు చెప్పని అప్పేదో ఉండి. గొడవపడే వేళ కాకుండా ఇంకో వేళ చూసి "ఈ మెయిల్ రేపు పొద్దున చూస్తే ఏమవుతుందని మీ భయం" అని అడిగి, జవాబు వచ్చేదాకా మధ్యలో మాట్లాడకుండా ఊరుకోండి. ఆ ఊరుకోవడమే కష్టం, నాకు తెలుసు. కొన్ని దేశాల్లో చట్టమే వచ్చింది, ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి, డ్యూటీ అయ్యాక ఆఫీసు ఫోన్లకి పలక్కపోయే హక్కు ఏదో ఒక రూపంలో ఉంది. కానీ తనకి తానే ఫోన్ చేసుకునే మనిషిని ఏ చట్టమూ ఆపలేదు కదా. నిద్ర పట్టకపోవడం, ప్రతిదానికీ విసుక్కోవడం, ఒకప్పుడు ఇష్టంగా చేసినవి కూడా వద్దనుకోవడం వారాల తరబడి ఉంటే మాత్రం ఆయన ఒప్పుకునేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: అక్కా, మీరు చెప్పేవన్నీ ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళకి. నేను హాస్పిటల్లో డబల్ డ్యూటీ చేస్తా, రెండో డ్యూటీకి డబ్బులొస్తాయి కాబట్టే ఇల్లు గడుస్తోంది. నాకేం చెప్తారు?

జవాబు: నీ కోపం న్యాయమే తల్లీ. గంటకి గంట డబ్బు చేతికొచ్చే పనీ, నెల జీతంలో కలిసిపోయే పనీ ఒకటి కాదు, నిన్ను మానెయ్యమనే హక్కు నాకు లేదు. నువ్వు చూసుకోవాల్సింది ఇంకోటి. 1997లో డాసన్, రీడ్ అని ఇద్దరు పరిశోధకులు చూపించారు, 17 గంటలు ఏకధాటిగా మెలకువగా ఉన్న మనిషి చెయ్యీ కన్నూ రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి మాదిరిగా పనిచేస్తాయి. చాలా దేశాల్లో ఆ స్థాయిలో బండి నడిపితే పట్టుకుంటారు. కాబట్టి డబల్ డ్యూటీ రోజున మందుల డోసు, ఇంజెక్షన్ లెక్కల్లాంటివి ఇంకొకళ్ళ చేత ఒకసారి చూపించుకో, నామోషీ అనుకోకు. డ్యూటీ అప్పజెప్పేటప్పుడు నోటి మాట మీద వదిలెయ్యకుండా రాసి ఇవ్వు. రెండు డబల్‌లు వరసగా పడకుండా చార్ట్ వేసేటప్పుడే అడుగు, వేశాక అడిగితే ఎవరూ మార్చరు. దిగాక సొంత బండి మీద మాత్రం వెళ్ళకు, ఎవరో ఒకరితో వెళ్ళు, లేకపోతే అక్కడే ఓ అరగంట పడుకుని లేచి, మత్తు పూర్తిగా వదిలాక బయల్దేరు. ఇంకా రెండో డ్యూటీకి ఇచ్చే డబ్బు మామూలు రేటా, ఓవర్‌టైమ్ రేటా అన్నది పే స్లిప్‌లో చూసుకున్నావా? చూసుకోకపోతే ఈ నెలది తీసి చూడు, తేడా ఉంటే నాకు మళ్ళీ రాయి.