కనురెప్ప మీది రక్తనాళాల గడ్డకు స్టెరాయిడ్ ఇంజెక్షన్: ఒప్పుకునే ముందు అడగవలసినవి

మీ ఐదు నెలల పాపకు పై రెప్ప మీద ఎర్రని గడ్డ పెరిగి కన్ను సగం మూసుకుపోతోందనీ, డాక్టరు గడ్డలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇద్దామన్నారనీ రాసి, అది సురక్షితమేనా అని అడిగారు. మా అబ్బాయికి ఇంచుమించు అదే వయసులో వచ్చిన హీమాంజియోమాకు (ఇలాంటి రక్తనాళాల గడ్డకు) ఆ చికిత్సే చేయించాము.

ముందుగా, ప్రొప్రనొలాల్ ఎందుకు వద్దనుకున్నారో అడగండి. ఆ మందుతో ఈ గడ్డలు తగ్గుతున్నాయని 2008లో ఫ్రాన్సులోని బోర్డో వైద్యులు వెల్లడించిన తరువాత, చికిత్స అవసరమైన పిల్లలకు సాధారణంగా మొదట దానినే నోటి ద్వారా ఇస్తున్నారు. పిల్లికూతలు ఉన్న పిల్లలకు ఆ మందు ఊపిరి ఇబ్బందిని పెంచవచ్చు. మావాడికి అవి తరచూ వస్తుండడంతో అది కుదరలేదు.

ఇంజెక్షన్‌లో నన్ను ఎక్కువగా భయపెట్టింది మందు ఎక్కించే ఒత్తిడి. ఇలా ఎక్కించే స్టెరాయిడ్ అయిన ట్రయామ్సినలోన్‌లో కరగని సన్నని రేణువులు ఉంటాయి. గడ్డలోకి బలంగా ఎక్కిస్తే ఆ ఒత్తిడి ధమనిలోని రక్తపోటును మించిపోయి, రేణువులు రక్తప్రవాహానికి ఎదురు వెళ్ళి రెటీనా (కంటి లోపల వెనుక ఉండే, చూపునిచ్చే పొర) ధమనికి అడ్డుపడవచ్చు. ఇది అరుదే గానీ, జరిగితే ఆ కంటి చూపు శాశ్వతంగా పోవచ్చు. అందుకే మావాడికి ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చి, ఒక డాక్టరు సన్నని సూదితో, పిస్టన్ వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకుంటూ, చాలా నెమ్మదిగా కొద్దికొద్దిగా మందు ఎక్కించగా, మరొకరు తలకు తగిలించుకున్న ఆఫ్తాల్మోస్కోప్‌తో (కంటి లోపలి భాగాన్ని చూసే పరికరంతో) రెటీనాలో రక్తం ఆడుతోందో లేదో గమనిస్తూ ఉన్నారు. వెనక్కి లాగి చూడడం ఒక్కటే పూర్తి భరోసా కాదని కూడా వారే చెప్పారు. "మందు ఎక్కిస్తున్నప్పుడు రెటీనాను ఎవరు చూస్తారు?" అని మీరు తప్పక అడగండి, సరైన జవాబు రాకపోతే పిల్లల కంటి విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రిలో ఆలస్యం చేయకుండా చూపించండి.

తరువాత కొన్ని వారాలపాటు రెప్ప చర్మం కింద సుద్దపొడి రాలినట్టు తెల్లని మచ్చలు కనిపించాయి. అవి ఆ మందు నిల్వలేనన్నారు. చర్మం పలచబడడం, రంగు తగ్గడం, అరుదుగా రెప్ప కణజాలం చచ్చిపోవడం కూడా జరగవచ్చు. స్టెరాయిడ్ కొంత రక్తంలోకీ చేరుతుంది కనుక పాప బరువు, ఎదుగుదల గమనించాలి. తొమ్మిదో నెల ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా) టీకాకు ముందు ఈ సంగతి పిల్లల డాక్టరుకు చెప్పాలి.

గడ్డ తగ్గినంత మాత్రాన చూపు బాగున్నట్టు కాదు. అది కనుగుడ్డును నొక్కడం వల్ల ఆస్టిగ్మాటిజం (కంటి ముందుభాగం వంపు సమంగా లేక చూపు మసకబారడం) మిగిలి, ఆ కన్ను మందగించవచ్చు. మావాడికి చుక్కలు వేసి పరీక్షించి కళ్ళజోడు రాశారు. మందగించిన కన్ను పని చేసేలా, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ కూడా వేయమన్నారు. వాడు దానిని పీకేయకుండా చేతులకు మెత్తని తొడుగులు వేసేవాళ్ళం.