వినిపించుకోదా, వినిపించదా?

ప్రశ్న: మేడమ్, నాకు 32 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఉంటాం, నాది ఇంటి నుంచే ఉద్యోగం. మామగారు పోయాక, ఏడాదిన్నర కిందట, అత్తగారు తెనాలి దగ్గర ఊరి నుంచి మా దగ్గరికి వచ్చేశారు. ఆవిడకి 68. నేను పిలిస్తే పలకరు, వాళ్ళబ్బాయికి మాత్రం ఒక్క పిలుపుకే పలుకుతారు. నేను మీటింగ్‌లో ఉన్నానని తెలిసీ టీవీ గట్టిగా పెడతారు. మా అమ్మావాళ్ళు వచ్చినరోజు వంటింట్లోంచి ‘చారు పెట్టారా అత్తయ్యా’ అని అడిగితే ‘కారు వాడు తీసుకెళ్ళాడుగా’ అన్నారు. అందరూ నవ్వారు, నాకు ఏడుపొచ్చింది. ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోరు, గట్టిగా చెబితే ‘ఎందుకలా అరుస్తావ్, నాకేమైనా చెవుడా’ అంటారు. తన గురించి మేం మెల్లగా మాట్లాడుకుంటే మాత్రం భలే వినిపిస్తుంది. పైగా ‘కోడలు నాతో మాట్లాడదు’ అని చుట్టాలతో అంటున్నారట. ఊరికి పంపించెయ్యమని మా వారితో రోజూ గొడవ పడుతున్నాను. నాది తప్పా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు, ఇక్కడ కుదించాను. మొత్తం ఉత్తరంలో ‘వినిపించుకోరు’ అన్న మాట ఏడు చోట్ల రాశారు. ‘వినిపించదు’ అని ఒక్క చోట కూడా లేదు. రెండింటికీ తేడా ‘కో’ అనే ఒక్క అక్షరమే. వినిపించకపోవడం చెవికి సంబంధించింది, వినిపించుకోకపోవడం బుద్ధికి సంబంధించింది. మీరు కళ్ళారా చూసింది ఏమిటి? పిలిచారు, ఆవిడ పలకలేదు. అంతే. ఆ ‘కో’ మీరు కలిపింది.

ఆవిడని ఊరికి పంపాలా వద్దా అన్నది పక్కనపెట్టి ముందు చెవి పరీక్ష చేయించండి. నేను ఇక్కడ కూర్చుని ఆవిడకి వినికిడి తగ్గిందని తేల్చేయడం లేదు, ఒక ఉత్తరం చదివి తేల్చేస్తే నేనూ మీరు చేసిన పనే చేసినట్టు. కానీ ఆవిడ పొగరుకి సాక్ష్యాలుగా మీరు రాసినవన్నీ, ఒకటీ అరా తప్ప, వయసుతో వచ్చే వినికిడి లోపంలో కనిపించేవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 దాటినవాళ్ళలో నలుగురిలో ఒకరికి పైగా ఇబ్బంది పెట్టేంత వినికిడి లోపం ఉంటుంది. మీ అత్తగారికి ఉండటం వింతేమీ కాదు.

ఆ చారు సంగతే తీసుకోండి. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు అన్ని శబ్దాలూ ఒకేలా తగ్గవు, సన్నటి శబ్దాలు ముందు పోతాయి. మాటలో అచ్చులు గట్టిగా, బరువుగా ఉంటాయి కాబట్టి అవి వినిపిస్తాయి. క, చ, త, స లాంటి హల్లులు సన్నగా ఉంటాయి, అవి జారిపోతాయి. అంటే ఎవరో ఏదో అన్నారని తెలుస్తుంది గానీ ఏ మాటన్నారో తెలియదు. మీరు వంటింట్లోంచి, బహుశా అటు తిరిగి, కుక్కర్ కూస్తుండగా ‘చారు’ అన్నారు. ఆవిడకి ‘..ఆరు’ అందింది. ముందు ఏ అక్షరం పెట్టుకోవాలో ఆవిడే ఊహించుకుని జవాబు చెప్పారు. అందరూ నవ్వినప్పుడు మీకు ఏడుపొచ్చింది, నిజమే. ఆ నవ్వు దేనికో కూడా అర్థం కాకుండా ఆవిడ ఆ గదిలో కూర్చుని ఉంటే?

కొడుకు పిలిస్తే పలకడానికి కారణం కూడా ప్రేమే కానక్కర్లేదు. మగవాళ్ళ గొంతు బొంగురుగా ఉంటుంది, ఆడవాళ్ళదీ పిల్లలదీ సన్నగా ఉంటుంది, ముందు అందకుండా పోయేది సన్నటిదే. పైగా మీ వారు ఆఫీసు నుంచి వచ్చి పక్కన కూర్చుని మొహం చూసి మాట్లాడతారని మీరే రాశారు. మీరు పనిమధ్యలో పక్కగదిలోంచి కేకేస్తారు. రాత్రి ఫ్యాన్, మిక్సీ, టీవీ ఏమీ లేనప్పుడు మీరు మెల్లగా మాట్లాడుకున్నది, అందులోనూ తన పేరు వచ్చినప్పుడు, ఎదురుగా మీ మొహాలు కనిపిస్తున్నప్పుడు, ఆవిడకి అందడంలో ఆశ్చర్యం లేదు. ఇక ‘ఎందుకలా అరుస్తావ్’ అన్నది. చాలామందిని తప్పుదోవ పట్టించేది ఇదే. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం మాత్రం మామూలువాళ్ళకి ఎంత గట్టిగా ఉంటుందో అంతే గట్టిగా తగులుతుంది. మధ్యలో జాగా ఉండదు. మీ మొదటి రెండు పిలుపులూ ఆవిడకి చేరలేదు, మూడోది అరుపుగా చేరింది. ఆవిడ లెక్కలో మీరు మాట్లాడరు, మాట్లాడితే కసురుతారు. చుట్టాలతో చెప్పింది అబద్ధం కాదు, ఆవిడకి అందినదే చెప్పారు.

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. మా నాన్న రిటైరయ్యాక పెళ్ళిళ్ళలో ఒక మూల కుర్చీ లాక్కుని కూర్చునేవారు, మా అత్తగారివైపు వాళ్ళు పలకరిస్తే ఒక నవ్వు నవ్వి ఊరుకునేవారు. వాళ్ళంటే ఆయనకి చిన్నచూపని నేను తేల్చుకున్నాను. మొహం మీదే అన్నాను కూడా. దాదాపు రెండేళ్ళు ముభావంగా ఉన్నాను. చివరికి దగ్గు కోసం వెళితే డాక్టరు అనుమానం వచ్చి పరీక్ష రాశారు, రెండు చెవులూ బాగా తగ్గాయని తేలింది. సందడిలో మాటలు కలగాపులగమై, తప్పు జవాబు చెప్పి నవ్వులపాలవడం కంటే మాట్లాడకుండా ఉండటమే నయమనుకున్నారట. ఆ రెండేళ్ళు నాకు తిరిగి రావు, అందుకే మీ ఉత్తరం చదివి ఇంత గట్టిగా రాస్తున్నాను.

మీరు చెడ్డవాళ్ళని అనడం లేదు. మనం పలకకపోతే పనిలో ఉన్నాం, ఎదుటివాళ్ళు పలకకపోతే పొగరు. ఈ అలవాటు అందరిదీ, 1977లో లీ రాస్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ దీనికి ఒక పేరు కూడా పెట్టాడు. ఇంట్లో పని, ఆఫీసు పని, ఏడాదిన్నరగా మూసిన నోరు, ఇంత టెన్షన్‌లో ఎవరికైనా ముందు తోచేది చెడే. నాకు కోపం వచ్చింది మీ వారి మీద. ‘అమ్మ అంతే, పట్టించుకోకు’ అని దాటేస్తున్నారని రాశారు. ఇద్దరితోనూ మాట్లాడే మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కరే, ముందు గమనించాల్సింది ఆయనే.

అందుకని పరీక్షకి ఆయనే తీసుకెళ్ళాలి, మీరు కాదు. ‘మీకు చెవుడు’ అని మీ నోటి నుంచి రాకూడదు, మన భాషలో అది తిట్టు, చెవిటివాడి ముందు శంఖం అని సామెతే ఉంది. షుగరు, బీపీ చూపించేటప్పుడే చెవులూ చూపిద్దామని ఆయన అంటే చాలు. ముందు ఈఎన్‌టీ డాక్టరు గులిమి అడ్డుపడిందేమో చూస్తారు, కొన్నిసార్లు అది తీస్తేనే సరిపోతుంది. తర్వాత ఆడియోగ్రామ్, చప్పుడు లేని గదిలో ఇయర్‌ఫోన్లు పెట్టి, బీప్ వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమంటారు, నొప్పేమీ ఉండదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ వారి ప్రాంతీయ కేంద్రం ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, వినికిడి, మాట సమస్యల కోసమే ఉన్నది. వినికిడి మిషన్ పెట్టుకోమంటే అది కళ్ళజోడులా ఆ రోజే కుదరదు, మొదట్లో గిన్నెల చప్పుడు కూడా చిరాకు పెడుతుంది, అలవాటుకి వారాలు పడుతుంది. ‘కొనిచ్చాం, సొరుగులో పడేసింది’ అని అప్పుడు ఇంకో నింద వెయ్యకండి. మీరుగా ఇంట్లో పరీక్షలు మాత్రం పెట్టొద్దు, వెనకనుంచి గిన్నె పడేస్తే తిరిగి చూసింది కాబట్టి నాటకమే అనుకోవడం లాంటివి.

ఈలోపు పక్కగదిలోంచి పిలవడం మానేయండి. దగ్గరికి వెళ్ళి, ఆవిడ మీ మొహం చూశాక, గొంతు పెంచకుండా నిదానంగా చెప్పండి. ఒక మాట అందకపోతే అదే మాట మళ్ళీ మళ్ళీ అనకుండా మార్చి అనండి. చారు అందకపోతే రసం అనండి.

మీ వంటని పక్కింటావిడ దగ్గర చులకనగా మాట్లాడారని రాశారు, దానికి చెవితో సంబంధం లేదు. అది మీకు బాధే, దాన్ని నేను కొట్టేయడం లేదు. కానీ దాని గురించి అడగాలన్నా ముందు మీ మాట ఆవిడకి అందాలి కదా. పరీక్ష చేయించి రిపోర్టులో ఏముందో రాయండి. అంతా మామూలుగానే ఉందని వస్తే నా అంచనా తప్పని ఒప్పుకుంటాను, అప్పుడు మిగతా విషయాలు మొదటి నుంచి మాట్లాడుకుందాం.