‘ఆయనతోనే మాట్లాడుకోండి’ అంటే ‘ఆయనకే డబ్బివ్వండి’ అని కాదు

ప్రశ్న: మాది గాజువాక. మట్టి పనుల కాంట్రాక్టులు చేస్తుంటాను. సొంతంగా ఒక జేసీబీ కొనుక్కుందామని ఆన్‌లైన్ ప్రకటనల్లో వెతికితే పాత బండి ఒకటి 11,50,000కి కనిపించింది. ఫోన్ చేస్తే, ‘బండి పెందుర్తిలో మా బావ దగ్గరుంది, వెళ్లి చూసుకోండి. రేటు మాత్రం ఆయన దగ్గర ఎత్తకండి, మాకూ మాకూ లెక్కలున్నాయి’ అన్నాడు. వెళ్లాను. బండి స్టార్ట్ చేసి చూపించారు, ఆర్సీ జిరాక్స్ ఇచ్చారు. ఓనరుని అడిగితే ‘ఆయనతోనే మాట్లాడుకోండి’ అన్నారు. నా భార్య బంగారం కుదువపెట్టి ఆర్టీజీఎస్‌లో 6,00,000, యూపీఐలో 50,000 పంపాను. మర్నాడు వెళ్తే ఓనరు, ‘నాకు రూపాయి రాలేదు, అతనెవరో నాకు తెలీదు, నాతో 14 లక్షలకు మాట్లాడాడు’ అంటున్నారు. ఇది జరిగి మూడు నెలలైంది. ఇద్దరూ కలిసే చేశారని నా అనుమానం. కుర్రాళ్లను తీసుకెళ్లి బండి తోలుకొచ్చేస్తే తప్పా? బ్యాంకు మీద, ప్రకటన పెట్టిన వెబ్‌సైట్ మీద కేసు వేయొచ్చా?

జవాబు: మీ ఉత్తరం చాలా పొడుగ్గా ఉంది. పైన అచ్చువేసింది అందులో పావు వంతే. బంగారం గురించి, ఇంట్లో పడుతున్న మాటల గురించి రాసిందంతా చదివాను. కానీ కోర్టుకి కావలసింది అందులో ఒక్క వాక్యమే, దాని కింద గీత గీసుకున్నాను: ‘ఆయనతోనే మాట్లాడుకోండి.’

ఓనరు నోట వచ్చిన మాట సరిగ్గా ఇదేనా? ఇంకేమైనా కలిసిందా? ‘అవును, మా బావమరిదే’ అన్నారా? ‘డబ్బు ఆయనకే ఇచ్చేయండి’ అన్నారా? మీ కేసంతా ఈ తేడాలో ఉంది.

1930 నాటి వస్తువుల విక్రయ చట్టం, సెక్షన్ 27 ప్రకారం సొంతదారు కానివాడు, సొంతదారు అనుమతి కూడా లేకుండా అమ్మితే కొన్నవాడికి హక్కు రాదు. దానికి ఒక మినహాయింపు ఉంది. అవతలివాడికి అమ్మే అధికారం ఉందని ఓనరే తన మాటతోనో చేతతోనో నమ్మించి ఉంటే, తర్వాత కాదనడానికి వీల్లేదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 237 ఏజెంటు విషయంలో దాదాపు ఇదే చెబుతుంది. బండి స్టార్ట్ చేసి చూపించడం, ఆర్సీ జిరాక్స్ ఇవ్వడం ఈ మినహాయింపు కిందికి రావు. అమ్మకానికి పెట్టిన ప్రతి ఓనరూ అవి చేస్తాడు. ‘ఆయనతోనే మాట్లాడుకోండి’ అన్నది బేరం గురించిన మాట. డబ్బు పుచ్చుకునే అధికారం ఇచ్చిన మాట కాదు. ఈ ఒక్క వాక్యం పట్టుకుని బండి ఇప్పించమంటే ఏ జడ్జీ ఇప్పించరు. పైగా మీరు కట్టింది సగం పైచిలుకే. ‘మా బావమరిదే, డబ్బు ఆయనకివ్వండి’ అని ఉంటే మాత్రం ఓనరు మీద మీకు గట్టి దావా ఉంది. అది కూడా బండి కోసం కాదు, 6,50,000 కోసం.

ఆయన ఆ మాట యార్డులో అన్నారా, ఫోన్‌లో అన్నారా? ఫోన్‌లో అయితే మీ ఫోన్ కాల్స్ రికార్డు చేస్తుందేమో ఇవాళే చూడండి. దొరికితే ఆ ఫోన్‌ని ఫార్మాట్ చేయకండి, అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి. మోసగాడితో చేసిన చాటింగ్‌లో ఒక్క మెసేజ్ కూడా తీసేయకండి, మీరు తిట్టినవి కూడా. స్క్రీన్‌షాట్లు కోర్టులో ఊరికే నిలబడవు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఉండాలి. అందులో ఒక భాగం మీరు సంతకం చేయాలి, రెండో భాగం నిపుణుడు.

ఇద్దరూ కలిశారన్న మీ అనుమానం సంగతి. ఈ తరహా మోసం ఎలా నడుస్తుందో నాకొచ్చిన కేసుల్లో చూశాను. మోసగాడు నిజమైన ఓనరు పెట్టిన ప్రకటన ఫొటోలు తీసుకుని, రేటు తగ్గించి, తన నంబరుతో ఇంకో ప్రకటన వేస్తాడు. ఓనరుకి ఫోన్ చేసి ‘14కి నాకు ఓకే. మా మనిషి ఒకతను వచ్చి చూస్తాడు. అతను నాకు బాకీ, రేటు ఎత్తకండి’ అంటాడు. మీకేమో ‘మా బావ’ అంటాడు. ఇద్దరు నిజమైన మనుషులు, నిజమైన బండి పక్కన నిలబడి, ఒకరి రేటు ఒకరికి చెప్పుకోకుండా విడిపోతారు. ఆ యార్డులో మీరు ‘ఎంతకిస్తున్నారండీ?’ అని ఒక్కసారి అడిగి ఉంటే ఆయన 14 అనేవారు, మీకు చెప్పింది 11.50, కథ అక్కడే ఆగేది. రేటు ఎత్తొద్దన్నాడంటేనే అది మోసం. వేరే గుర్తు అక్కర్లేదు.

ఇంకొకటి మిమ్మల్ని మందలించక తప్పదు. ఆర్టీజీఎస్ రసీదు మీరే జతచేశారు. అందులో లబ్ధిదారు పేరు ఒకటి, ఆర్సీ మీద పేరు ఇంకొకటి, ఇంటిపేరు కూడా కలవదు. 2025 ఏప్రిల్ నుంచి ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లలో కూడా పంపేముందు ఆ ఖాతా ఎవరిదో పేరు చూసుకునే సౌకర్యం ఉంది. ఆరు లక్షలు పంపే మనిషి ఆ పేరు ఎవరిదని అడగలేదు. సిగ్గుపడి 19 రోజులు ఎవరికీ చెప్పలేదు కూడా. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి మొదటి గంటల్లోనే ఫోన్ చేసి ఉంటే డబ్బు మొదటి ఖాతాలో ఉండగానే ఆపే వీలుండేది. 19 రోజుల్లో అది ఎన్ని ఖాతాలు దాటుతుందో!

ఇక కుర్రాళ్లను తీసుకెళ్లి బండి తోలుకురావడం. వద్దు, ఆ మాట మళ్లీ అనకండి. బండి ఆయన పేర, ఆయన స్వాధీనంలో ఉంది. తాళం తీసి తోలుకొస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 కింద దొంగతనం కేసు. తోపులాట జరిగితే అది దోపిడీ కేసుగా మారుతుంది. ఈ రోజు మీరు ఫిర్యాదుదారు, రేపు ముద్దాయి. మోసగాడు జార్ఖండ్‌లోనో రాజస్థాన్‌లోనో కూర్చుని ఉంటాడు, మీరు మాత్రం పెందుర్తి పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతుంటారు. సోషల్ మీడియాలో ‘పోయిన డబ్బు రికవరీ చేస్తాం, ముందు పది శాతం కట్టండి’ అనేవాళ్ల జోలికీ పోకండి. వాళ్లు పోయినవాళ్లనే వెతుక్కుంటూ వస్తారు.

బ్యాంకు మీద కేసు నిలబడదు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 సర్క్యులర్‌లో ఖాతాదారుకి ఇచ్చిన రక్షణ, అతని ప్రమేయం లేకుండా జరిగిన లావాదేవీలకి. మీ డబ్బు మీరే పంపారు. వెబ్‌సైట్‌కి ఐటీ చట్టం సెక్షన్ 79 రక్షణ ఉంది: వేరేవాళ్లు పెట్టిన ప్రకటనకి మామూలుగా దాన్ని బాధ్యుల్ని చేయలేం. అయినా దానికి నోటీసు ఇవ్వాలి, పరిహారం కోసం కాదు, సాక్ష్యం కోసం. 2021 ఐటీ నియమాల ప్రకారం తీసేసిన ప్రకటన సమాచారాన్ని, మూసేసిన ఖాతా వివరాల్ని దర్యాప్తు కోసం వాళ్లు 180 రోజులు భద్రపరచాలి. మీకు మూడు నెలలు గడిచాయి. సగం గడువు అయిపోయినట్టే.

మీ చేతిలో ఉన్నది 1930 ఫిర్యాదు నంబరు. అది ఎఫ్ఐఆర్ కాదు. నగర సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్‌కి రాతపూర్వకంగా వెళ్లి న్యాయ సంహిత 318(4) (మోసం), ఐటీ చట్టం 66డి (ఫోన్, కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం) కింద ఎఫ్ఐఆర్ అడగండి. తీసుకోకపోతే అదే ఫిర్యాదు స్పీడ్ పోస్టులో పోలీస్ కమిషనర్‌కి, ఆ తర్వాత మెజిస్ట్రేట్‌కి. ఏ ఖాతాలోనైనా మీ డబ్బు ఆగి ఉందేమో దర్యాప్తు అధికారిని అడగండి. ఆగి ఉంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 503 కింద మెజిస్ట్రేట్ కోర్టులో విడుదలకి పిటిషన్ వేయాల్సి రావచ్చు. అది దానంతటదే మీ ఖాతాకి రాదు.

లిమిటేషన్, అంటే కేసు వేసే గడువు, జాగ్రత్తగా వినండి. 318(4)కి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి క్రిమినల్ కేసుకి కాలపరిమితి అడ్డు రాదు. 66డి ఒక్కదాని కిందే కేసైతే మాత్రం మూడేళ్లే. డబ్బు రాబట్టే సివిల్ దావాకీ మూడేళ్లే. మోసం బయటపడిన రోజు నుంచి లెక్క. అంటే ఓనరు ‘నాకు రూపాయి రాలేదు’ అన్న రోజు. దావా విశాఖలోనే వేయొచ్చు. మొదటి ప్రతివాది మీ డబ్బు పడిన ఖాతాదారు. ‘ఖాతా అద్దెకిచ్చాను, నాకేం తెలీదు’ అంటే చెల్లదు. ఓనరుని రెండో ప్రతివాదిగా చేర్చాలా వద్దా అన్నది ఆ రికార్డింగ్‌లో ఏముందో తేలాకే.

విశాఖ పాఠకులకి ఒక ముక్క. ఇక్కడ ‘నేవీలో చేస్తున్నా, బదిలీ అయింది, బండి పార్శిల్‌లో పంపిస్తా, చార్జీలు కట్టండి’ అనే రకం కూడా ఉంది. ఐడీ కార్డు ఫొటో చూపిస్తే నమ్మేస్తున్నారు. నేవీ అంటే ఈ ఊళ్లో ఉన్న గౌరవమే వాళ్ల పెట్టుబడి. పూర్వం ఏపీ 31 చూస్తే మన ఊరి బండి అని తెలిసేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39తో ఒకే సిరీస్ రావడంతో నంబరు ప్లేటు ఏ జిల్లాదో చెప్పదు. కాబట్టి ఆర్సీ ఫొటో కాకుండా ఓనరు ఫోన్‌లోనే ఎంపరివాహన్ (ప్రభుత్వ వాహన వివరాల యాప్) తెరిపించి పేరు, ఫైనాన్స్ బాకీ చూడండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, వచ్చిన అంకెల్ని ఒక్కొక్కటీ సరిపోల్చండి. డబ్బు ఆర్సీలో పేరున్న మనిషి ఖాతాకే.

చివరగా మళ్లీ మీకు. ఆ ఓనరుని దొంగ అంటూ తిరగకండి. ఆయన ఫోన్‌లో మోసగాడి నంబరుంది, మాట్లాడిన తేదీలున్నాయి, ‘రేటు ఎత్తకండి’ అని మెసేజ్ పెట్టి ఉంటే అదీ ఉంది. ఆయన కూడా మోసపోయినవాడైతే మీకు అంతకన్నా మంచి సాక్షి దొరకడు. తిట్టి పంపితే ఒక్క ముక్క ఇవ్వడు. మర్యాదగా ఒక లాయరు నోటీసు ఇప్పించి, ఆ కాల్స్, మెసేజ్‌లు భద్రపరచమని అడగండి. ఆయన వాంగ్మూలం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 183 కింద మెజిస్ట్రేట్ ముందు నమోదు చేయించమని దర్యాప్తు అధికారికి అర్జీ పెట్టండి. ఇది ఈ వారంలోనే జరగాలి, ఆయన ఫోన్ మార్చకముందే.